రాగి గడ్డి తినే ఆవుకు కాల్షియం సీసా ఎందుకు?

ప్రశ్న: బెంగళూరు దగ్గరి ఆనేకల్ తాలూకాలో సర్జాపురం దగ్గర మాకు మూడు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులు, ఒక జెర్సీ సంకర ఆవు ఉన్నాయి. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు చెరువు గట్టు మీదా, ఇంకా ఇళ్లు కట్టని లేఅవుట్లలోనూ మేస్తాయి. రాత్రికి రాగి గడ్డి వేసి, అన్నిటికీ పూటకు కిలో చొప్పున దాణా పెడుతున్నాం. రెండు నెలల క్రితం ఈని 12 లీటర్లు ఇస్తున్న ఆవు 8 లీటర్లకు దిగింది. ఇంకొకటి ఈని ఐదు నెలలైనా ఎదకు రాలేదు, దాని నల్ల వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి, గోడలు నాకుతోంది, ప్లాస్టిక్ కవర్లు నములుతోంది. జెర్సీ ఏడు నెలల చూడితో ఉంది. మందుల షాపులో ఇచ్చిన కాల్షియం సీసా నెల రోజులుగా తాగిస్తున్నాం. బైపాస్ ఫ్యాట్ (పెద్ద పొట్టలో మారకుండా దాటిపోయి పేగుల్లో అరిగే కొవ్వు) వాడమని కొందరు చెబుతున్నారు. ఏది వాడాలి?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, పాలు తగ్గిన ఆవుకు ముందుగా కావలసింది కడుపు నిండా తిండి. ఎండిన గడ్డి, కాస్త పచ్చిక మీద ఆధారపడే 400 కిలోల ఆవుకు ఒంటి పోషణకే రోజుకు ఒకటిన్నర నుంచి 2 కిలోల దాణా కావాలి, ఆపైన అది ఇచ్చే ప్రతి లీటరు పాలకు మరో 400 గ్రాములు చేర్చాలి. అంటే 12 లీటర్ల ఆవుకు ఆరు కిలోలకు పైగా రావాలి, మీరు పెడుతున్నది రెండు కిలోలు. ఏడు గంటల మేతలో మిగతాది దొరుకుతుందని మనం అనుకుంటాం గానీ, బీడు భూముల్లో ముదిరిన గడ్డిని వెతుక్కుంటూ ఆవు నడిచే నడకకే దాని శక్తిలో కొంత ఖర్చయిపోతుంది. ఈనిన కొత్తలో ఒంట్లోని కొవ్వు కరిగించి పాలిచ్చిన ఆవు, ఆ నిల్వ తరిగాక పాలు తగ్గించుకుంటుంది. దాని పక్కటెముకల మీద అరచేయి ఆనించి చూడండి. నొక్కకుండానే ఎముకలు ఒక్కొక్కటిగా లెక్కకు అందుతుంటే ఆవు చిక్కిపోయిందని అర్థం. దాణాను రెండు రోజులకోసారి పావు కిలో చొప్పున పెంచుతూ పోండి, ఒక పూటకు రెండున్నర కిలోలు దాటనివ్వకండి, రోజుకు మూడు సార్లుగా పంచండి. ఒక్కసారిగా ఎక్కువ పెడితే కడుపులో పులుపు పెరిగి, పేడ జారుగా వచ్చి, ఉన్న ఆకలి కూడా పోతుంది. అన్ని ఆవులకూ ఒకే కొలత పెట్టడం పనికి సులువే, కానీ దాణా పాలను బట్టి ఉండాలి.

ఇక కాల్షియం సీసా సంగతి. పది లీటర్ల పాలతో ఆవు ఒంట్లోంచి సుమారు 12 గ్రాముల సున్నం (కాల్షియం), అంతకు కాస్త తక్కువగా భాస్వరం బయటికి పోతాయి. మీరు రాత్రి వేసే రాగి గడ్డిలో సున్నం వరిగడ్డిలో కంటే చాలా మెరుగ్గా ఉంటుంది, భాస్వరం మాత్రం బాగా తక్కువ. మీరు డబ్బు పెట్టి కొంటున్నది మీ గడ్డివాములో ఇప్పటికే ఉన్నదే, ఆవుకు కొరవడినది వేరొకటి. గోడలు నాకడం, కవర్లు నమలడం, ఎదకు రాకపోవడం మూడూ ఒకే ఆవులో కనిపించాయంటే నేను మొదట అనుమానించేది భాస్వరం లోపాన్నే. ఉప్పు చాలక కూడా ఆవులు గోడలు నాకుతాయి, కడుపులో నట్టలు (పురుగులు) ఉన్నా కానివి తింటాయి. భాస్వరానికి చవకైన దారి తవుడు, గోధుమ పొట్టు. వాటిలోని భాస్వరం కోళ్లకు సరిగ్గా అందదు గానీ, ఆవు పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు దానిని విడదీసి ఆవుకు అందిస్తాయి. దాణాలో మూడో వంతు వరకు ఇవి ఉండవచ్చు. వేరుశనగ చెక్క కలిపేటట్లయితే బూజు వాసన వచ్చేదాన్ని తెచ్చుకోకండి, ఆ బూజు విషం పాలలోకి కూడా దిగుతుంది.

దీనితో పాటు పాలిచ్చే ఆవుకు రోజుకు 100 గ్రాములు, చూడి మీద వట్టిపోయిన ఆవుకు 50 గ్రాములు, దూడలకు 20 నుంచి 25 గ్రాములు ఖనిజ లవణ మిశ్రమాన్ని దాణాలో కలిపి పెట్టండి. సంచి మీద ఐఎస్ 1664 గుర్తు, దాని కింద రకం చూసుకోండి. ఉప్పు కలపని రెండో రకమైతే ఆవుకు మరో 30 గ్రాముల ఉప్పు విడిగా కలపాలి. ప్రాంతాన్ని బట్టి నేలలో, మేతలో కొరవడే ఖనిజాలు మారతాయి కాబట్టి, బెంగళూరు ఆడుగోడిలోని జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ఆయా ప్రాంతాలకు తగిన మిశ్రమాలను రూపొందించింది. అటువంటిది దొరికితే దానినే వాడండి. మిశ్రమాన్ని కుడితిలో వేస్తే అడుగున పేరుకుని తొట్టిలోనే మిగిలిపోతుంది, తడిపిన దాణాకు పట్టించి పెట్టడం మేలు.

తుప్పు రంగుకు తిరిగిన వెంట్రుకలు రాగి ధాతువు లోపానికి గుర్తు కావచ్చు, ముఖ్యంగా కళ్ల చుట్టూ అద్దాలు పెట్టినట్లు రంగు వెలిసి ఉంటే. ఎండకు పైపైన వెలిసిన నలుపును చూసి కూడా మనం పొరబడుతుంటాం, కనుక వెంట్రుకను మొదలు దాకా విడదీసి చూడండి. మిశ్రమంలో ఉన్న రాగి చాలు, విడిగా మైలుతుత్తం కలపవద్దు. మీ కొట్టంలో గొర్రెలు కూడా ఉంటే ఈ మిశ్రమాన్ని వాటికి పెట్టకండి, ఆవుకు సరిపడే రాగి గొర్రెకు విషమవుతుంది.

కవర్లు నమిలిన ఆవుకు మాత్రం ఖనిజ మిశ్రమంతో పాటు చేతి పరీక్ష కూడా చేయించాలి. ఎడమ డొక్కను పిడికిలితో నొక్కినప్పుడు చపాతీ పిండి ముద్దలా గుంట పడి అలాగే ఉండిపోతే, నెమరు తగ్గి, తరచూ ఉబ్బరం వస్తుంటే, పొట్టలో ప్లాస్టిక్ ఉండలు కట్టి ఉండవచ్చు. అప్పుడు ఏ దాణా పెట్టినా ఒంటికి పట్టదు, బెంగళూరులోని హెబ్బాళ పశువైద్య కళాశాల ఆసుపత్రి వంటి చోట పొట్ట కోసి తీయవలసి వస్తుంది. అటువంటి ఆపరేషన్ తరువాత పక్కన కుప్పగా పోసిన కవర్లను, తాడు ముక్కలను చూసిన రైతు ఆవును మళ్లీ చెత్త పోసే లేఅవుట్లోకి తోలడు. చెరువు గట్టు మేతకు మరో చిక్కుంది. తడి నేలలోని నత్తల ద్వారా కార్జపు జలగలు సోకుతాయి, దవడ కింద నీరు దిగడం, ఒళ్లు తగ్గడం వాటి లక్షణాలు. నాలుగు ఆవుల పేడనూ ఒకసారి పరీక్ష చేయించి, ఆ ఫలితాన్ని బట్టి మందు వేయించండి. మురుగు కలిసే చెరువైతే ఆ గడ్డిని, ఆ నీటిని మొత్తానికి మానండి.

బైపాస్ ఫ్యాట్ 12 నుంచి 15 లీటర్లకు పైన పాలిచ్చే, కొత్తగా ఈనిన ఆవులకు రోజుకు 100 నుంచి 150 గ్రాములు ఇస్తే ప్రయోజనం కనబడుతుంది. ఎనిమిది లీటర్ల ఆవుకు అదే డబ్బుతో దాణా కొనడం లాభం. దాని బదులు మామూలు నూనె పోయవద్దు, అది పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవుల పనిని చెడగొడుతుంది.

చూడి జెర్సీకి ఇప్పుడు పాలు ఉంటే ఆపించి, ఈనడానికి ముందు రెండు నెలలు విశ్రాంతినివ్వండి. దానికి తాగిస్తున్న కాల్షియం సీసాను ఈ రోజే ఆపండి. చివరి మూడు వారాల్లో సున్నం ధారాళంగా అందితే, ఎముకల్లోంచి సున్నం తీసుకునే అలవాటు ఒంటికి తప్పిపోయి, ఈనిన వెంటనే రక్తంలో సున్నం పడిపోయి పాల జ్వరం రావచ్చు, అది జెర్సీలలో మరీ ఎక్కువ. ఈనిన రోజు నుంచి మూడో రోజు దాకా చెవులు చల్లబడటం, తూలడం, మెడ డొక్క వైపు తిప్పి పడుకోవడం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగకుండా పశువైద్యుణ్ణి పిలవండి.

దాణా సరిచేసిన రెండు వారాల్లో పాలు కదలాలి, వెంట్రుకల రంగు తిరగడానికి రెండు నెలలైనా పడుతుంది. ఎదకు రాని ఆవు రెండు ఎద చక్రాలు, అంటే 42 రోజులు గడిచినా లక్షణాలు చూపకపోతే అండాశయం, గర్భాశయం పరీక్ష చేయించండి. రాత్రి పదింటికి, తెల్లవారుజామున ఒకసారి కొట్టంలోకి వెళ్లి చూస్తూ ఉండండి, హెచ్‌ఎఫ్ ఆవుల మూగ ఎద (పైకి పెద్దగా కనబడని ఎద) చాలాసార్లు ఆ వేళల్లోనే వచ్చి పోతుంది.