50 మి.మీ. లెన్స్‌తో చేత్తో తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ ఎంత ఉండాలి?

క్రాప్ సెన్సర్ (35 మి.మీ. ఫిల్ము ఫ్రేము కంటే చిన్న సెన్సర్) కెమెరాలో 50 మి.మీ. లెన్స్ వేసి 1/60 దగ్గర, అంటే షట్టర్ సెకనులో అరవయ్యో వంతు తెరుచుకుని ఉండేలా తీస్తున్నా సగం ఫోటోలు మసకగా వస్తున్నాయని మీరు అన్నారు. అంకె చెప్పే ముందు ఒక పని చేయండి. చెడిపోయిన ఫోటో ఒకటి తెరిచి, మనిషి కన్ను నిండుగా కనిపించేంత వరకు పెద్దది చేసి చూడండి. కంటిపాపలో మెరిసే వెలుగు చుక్క చిన్న గీతలా సాగి, వెనక గోడ మీది అక్షరాలు కూడా అదే వైపు సాగి ఉంటే కదిలింది మీ చెయ్యి. గోడ స్పష్టంగా ఉండి ముఖం మాత్రమే చెదిరితే కదిలింది ఆ మనిషి. కన్ను మెత్తగా ఉండి చెవి మీది వెంట్రుకలు లెక్కపెట్టగలిగేలా ఉంటే అది ఫోకస్ తప్పడం. షట్టర్ స్పీడ్ ఎంత పెంచినా అది బాగుపడదు.

చెయ్యి కదలడానికి పాత సూత్రం ఉంది: 1 కింద ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద మి.మీ.లో రాసి ఉండే అంకె). 50కి 1/50, 200కి 1/200. అయితే అది ఫుల్ ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్ము ఫ్రేము సైజు సెన్సర్) లెక్క. మీ సెన్సర్‌కు 1.5తో గుణించాలి, అంటే 75. కాబట్టి 1/80 కనీసం. మీ 1/60 అక్కడే తగ్గింది. పైగా ఈ సూత్రం ఫిల్ము రోజుల్లో, ఓ మోస్తరు సైజు ప్రింట్ల కోసం పుట్టింది. ఇప్పటి సెన్సర్ ఫోటోను తెర మీద పూర్తి సైజులో చూస్తే చిన్న వణుకు కూడా దాగదు. అందుకే నేను ఆ లెక్కకు రెట్టింపు పెడతాను: 1/160.

ఇక మనుషుల కదలిక. దీనికి ఫోకల్ లెంగ్త్ సూత్రంతో సంబంధమే లేదు. నా అనుభవంలో, కుదురుగా కూర్చున్నవాళ్లకు 1/125, మాట్లాడుతూ చేతులు ఊపేవాళ్లకు, నడిచేవాళ్లకు 1/250, పరుగెత్తే పిల్లలకు 1/500 సరిపోతాయి. ఎగిరే పక్షికి 1/2000 కూడా ఒక్కోసారి చాలదు.

స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు లేదా సగం అవుతుంది) సాయం చేసే లెన్స్ అయితే 1/200 కావలసిన చోట 1/25 దగ్గర కూడా గోడ చక్కగా వస్తుంది. ఆ గోడ ముందు నిలబడి నవ్వుతున్న మనిషి కదిలితే మాత్రం స్పష్టంగా రాడు. స్టెబిలైజేషన్ ఆపేది మీ వణుకునే, ఎదుటివారి కదలికను కాదు.

స్పీడ్ పెంచితే వెలుగు తగ్గుతుంది, ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా చూపే సున్నితత్వాన్ని తెలిపే అంకె) పెంచక తప్పదు. 1/60 నుంచి 1/250కి వెళ్తే రెండు స్టాపులు. అపర్చర్ (లెన్స్‌లో వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) మార్చకపోతే 800 ఉన్న ఐఎస్ఓ 3200 అవుతుంది. దానికి జంకకండి. ఐఎస్ఓ పెంచితే ఫోటోలో వచ్చే గరుకుదనాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు తగ్గించుకోవచ్చు, చెదిరిన కన్నును సరిచేయడం అంత తేలిక కాదు. చాలా కెమెరాల్లో ఆటో ఐఎస్ఓ మెనూలోనే కనీస షట్టర్ స్పీడ్ పెట్టుకునే వీలుంటుంది. అక్కడ 1/160 పెట్టి వదిలేస్తే వెలుగు తగ్గినప్పుడల్లా ఐఎస్ఓ దానంతట అదే పెరుగుతుంది. మీరు ఎదుటివారి ముఖాల మీదే దృష్టి పెట్టవచ్చు.

మరీ చీకటిగా ఉండి 1/30కి దిగాల్సి వస్తే మోచేతులు పక్కలకు ఆనించి, ఊపిరి వదిలేస్తూ, బటన్ నొక్కిపట్టి వరుసగా నాలుగైదు తీయండి. మొదటిది వేలి ఒత్తిడికి కదులుతుంది. మధ్యవాటిలో ఒకటి తరచూ స్పష్టంగా వస్తుంది.