సముద్రం కనిపించే ఫ్లాటు అద్దెకు తీసుకోవచ్చా?

విశాఖలో ఇల్లు వెతుకుతున్న మీ ఇద్దరిలో ఒకరి ఆఫీసు మధురవాడ ఐటీ కొండల మీద, మరొకరిది గాజువాకలో. రెండు పడకగదుల ఫ్లాటు ఎక్కడ చూడాలి, సముద్రం కనిపించేది దొరికితే తీసుకోవచ్చా అని అడిగారు. రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. విశాఖకు కొత్తగా వచ్చేవాళ్లు చాలామంది మనసు పారేసుకునేది అక్కడే.

మేము లాసన్స్ బే కాలనీలో సముద్రం వైపు ఫ్లాటులో ఉన్నాం. సాయంత్రం వీచే గాలి హాయికి వంక పెట్టలేను. కానీ ఆ గాలి నిండా ఉప్పే. బాల్కనీ గ్రిల్లు కింది అంచున వేలితో గీరితే తుప్పు పొరలు పొరలుగా ఊడి వస్తుంది. పైకి మాత్రం కొత్త రంగు నిగనిగలాడుతూ ఉంటుంది. ఏసీ బయటి యూనిట్ వెనక సన్నటి రేకులు ముట్టుకుంటే రాలిపోతాయి. ఆ తర్వాత గ్యాస్ కారుతుంది, మరమ్మతు ఎవరు చేయించాలన్న పేచీ మొదలవుతుంది. తాళాలు బిగుసుకుపోతాయి. గాలివాన వస్తే జరిపే కిటికీల సందుల్లోంచి నీళ్లు హాల్లోకి వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు అద్దాలు పగిలిన ఇళ్ల సంగతి ఇక్కడివాళ్లను అడిగితే చెబుతారు. అంతగా కావాలనుకుంటే మొదటి వరుస వదిలేసి, రెండు మూడు వీధులు లోపలికి చూడండి. సముద్రానిదేముంది, ఆర్కే బీచ్‌లో ఉచితంగానే కనిపిస్తుంది.

ఇక ప్రాంతం. మధురవాడ ఉత్తరాన, గాజువాక నైరుతి దిక్కున. రెండింటినీ కలిపేది 16వ నంబరు జాతీయ రహదారి. దానికి దగ్గరగా, నగరం మధ్యలో ఉంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది: సీతమ్మధార, మురళీనగర్, మర్రిపాలెం. ఎంవీపీ కాలనీలో రైతుబజారుతో సహా అన్నీ దొరుకుతాయి, కానీ గాజువాక వెళ్లేవారు రోజూ నగరమంతా దాటాలి. అద్దె తక్కువని జ్ఞానాపురం వైపు చూపిస్తే, కిటికీ అంచును తెల్ల రుమాలుతో తుడిచి చూడండి. పోర్టు బొగ్గు ధూళి ఎంతో రుమాలే చెబుతుంది.

ఏ ఫ్లాటైనా యజమాని ఎదుట కాకుండా వాచ్‌మన్‌ను విడిగా అడగాల్సింది నీళ్ల గురించి. కుళాయి నీళ్లు ఏ వేళకు వస్తాయి, ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పిస్తారా, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుందా? కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకుని ఉంటే బోరు నీళ్లలో సున్నం ఎక్కువని అర్థం. గీజరు ఎక్కువ కాలం మన్నదు.

ఒప్పందం సాధారణంగా 11 నెలలకే రాస్తారు. అందులో అడ్వాన్స్ ఎప్పుడు తిరిగిస్తారో, రంగుల ఖర్చు ఎవరిదో రాయించుకోండి. మా పాత యజమాని ఖాళీ చేసే రోజు రంగుల పేరుతో ఒక నెల అద్దె పట్టుకున్నారు, కాగితంలో ఆ మాటే లేదు. తాళాలు తీసుకునే రోజే గోడలు, కుళాయిలు, గ్రిల్లులు, కరెంటు మీటరు రీడింగు ఫోనులో ఫొటోలు తీసి యజమానికి పంపండి. సర్వీసు నంబరుతో ఈపీడీసీఎల్ (కరెంటు సంస్థ) బిల్లు బకాయి ఉందేమో ఆన్‌లైన్‌లో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.