పడితే ఆ పూటే చెప్పు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ మొన్న రాత్రి ఫోన్ చేసింది. ఎప్పుడూ మోకాళ్ల నొప్పులతో మొదలుపెట్టే మనిషి, ఆ రోజు మాత్రం ఎత్తగానే "అన్నయ్యా, వాడు సిగరెట్లు మానేస్తాడట" అంది. ఒక్కడివే కాదట, ఆఫీసులో ఇంకో ఐదుగురితో కలిసి, వచ్చే సోమవారం నుంచి అట. చెబుతూ చెబుతూ ఏడ్చింది కూడా. నేను ఏడవలేదు గానీ నాకు నిద్ర పట్టలేదు. "మా వాడు!" అని ఓ గంట మురిసిపోయాను, "ఆరుగురు కలిసా, దేవుడా" అని ఇంకో గంట దొర్లాను.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఆదివారం రాత్రే ఇంట్లో, బండిలో, ఆఫీసు సొరుగులో ఉన్న పెట్టెలన్నీ పారెయ్. లైటరు కూడా. బాగుందని దాచుకోకు. యాష్‌ట్రే ఎవరికీ దానం చెయ్యకు. దుప్పట్లు, చొక్కాలు ఉతికెయ్. సోమవారం లోపు డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లు.

డాక్టరు ఎందుకంటావని తెలుసు. "మనసు గట్టిగా ఉంటే చాలు" అని మేమూ అనేవాళ్లం. ఆ మాట నమ్ముకుని నేను రెండుసార్లు బోర్లా పడ్డాను. మనసు సంగతి తర్వాత, ముందు పొగాకులో ఉండి అలవాటు పట్టించే నికోటిన్ సంగతి చూడాలి. అది రక్తంలో నిలిచేది కాదు, రెండు గంటలకల్లా సగానికి పడిపోతుంది. నీ చెయ్యి మాటిమాటికీ జేబులోకి పోయేది అందుకే. ఆపేశాక మొదటి రెండు మూడు రోజులు ఒళ్లు గట్టిగా అడుగుతుంది, నాలుగు వారాలు గడిచేసరికి చాలావరకు ఊరుకుంటుంది. ఆ రోజులు గట్టెక్కించడానికే కొద్దికొద్దిగా నికోటిన్ ఇచ్చే గమ్, ఒంటికి అంటించుకునే ప్యాచ్, వరెనిక్లిన్ లాంటి మాత్రలు ఉన్నాయి. వాటి సాయం తీసుకుంటే పరువేం పోదురా.

గమ్ ఇస్తే మాత్రం మేకలా నమలకు. రెండు మూడుసార్లు నమిలి, నోట్లో చురుక్కుమనగానే ఆపి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అలా అరగంట. ఆగకుండా నమిలితే నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, గుండెమంట వస్తాయి, "ఇది నాకు పడదు" అని పారేస్తావు. నిద్ర లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాళ్లకి మామూలుగా 4 మిల్లీగ్రాములది ఇస్తారు, మిగతావాళ్లకి 2. నువ్వు పళ్లు తోముకోకముందే వెలిగిస్తావని మీ అమ్మకి తెలియదు, నాకు తెలుసు. డాక్టరు దగ్గర మాత్రం నిజం చెప్పు.

ఇంకొకటి, కాఫీ. పొగలో ఉండే కొన్ని పదార్థాలు కాలేయాన్ని తొందరపెట్టి కెఫీన్‌ని త్వరత్వరగా కరిగించేస్తాయి. పొగ ఆగిపోతే అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు ఉంటుంది. మొదటిసారి మానినప్పుడు నాకు గుండె దడ, చేతుల వణుకు, రాత్రంతా జాగారం. అదంతా సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని ఆరో రోజున వెలిగించాను. అందులో సగం పాపం కాఫీదేనని ఎన్నో ఏళ్ల తర్వాత తెలిసింది. నువ్వు మొదటి రోజు నుంచే సగానికి తగ్గించు.

దగ్గు కొన్నాళ్లు ఎక్కువవచ్చు, బరువు నాలుగైదు కిలోలు పెరగవచ్చు. ఆ రెండో దానికి మీ అమ్మ సంతోషిస్తుందిలే.

ఇక మీ ఆరుగురి సంగతి. ఎప్పుడో పేపర్లో కత్తిరించి దాచుకున్న ముక్క ఒకటి నిన్న వెతికి తీశాను. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్‌లో గుండె జబ్బుల కోసం మొదలుపెట్టిన పెద్ద అధ్యయనం ఉంది కదా, అందులోని 12,067 మందిని 1971 నుంచి 2003 దాకా ఎవరికి ఎవరు దగ్గరివాళ్లో చూసుకుంటూ క్రిస్టాకిస్, ఫౌలర్ అనే ఇద్దరు పరిశీలించారు. 2008లో అచ్చయింది. సిగరెట్ మానినవాళ్లు విడివిడిగా కాదు, గుంపులు గుంపులుగా మానారట. భార్యాభర్తల్లో ఒకరు మానితే రెండోవాళ్లు పొగ తాగే అవకాశం 67 శాతం తగ్గిందట. స్నేహితుడు మానితే 36 శాతం, చిన్న ఆఫీసులో పక్కవాడు మానితే 34. అందుకని నువ్వు పట్టుకున్న దారి మంచిదేరా. నా భయం దారి గురించి కాదు. ఆ దారిలో నేనొకసారి నడిచాను, ఎక్కడ కాలు జారిందో నాకు బాగా గుర్తుంది.

అప్పుడు నాకు 38 ఏళ్లు. రోజుకి పెట్టెన్నర. మేం నలుగురం, నేను, ఒక బడి మాస్టారు, ఒక బస్సు కండక్టరు, ఒక దర్జీ. ఒకే రోజు మానేద్దామని ఒట్టు పెట్టుకున్నాం. మాస్టారు వంద పేజీల రూళ్ల నోటుపుస్తకం తెచ్చి నిలువుగా గీతలు గీసి నాలుగు గళ్లు చేశాడు. రోజూ సాయంత్రం ఆయన వరండాలో కలవాలి, ఎవరి గడిలో వాళ్లు అంకె వేసుకోవాలి. మానేసి ఎన్ని రోజులైతే అంత. తప్పితే సున్నా.

మొదటి వారం ఒకరి మొహం ఒకరికి నచ్చలేదు. కండక్టరు చిల్లర కోసం ఎవరితోనో కొట్లాడి, ఆ కోపం మా మీద తీర్చుకున్నాడు. నాలుగో రాత్రి ప్రాణం లాగేస్తుంటే పదకొండింటికి పోయి మాస్టారి తలుపు కొట్టాను. ఆయన ఎందుకొచ్చావని అడగలేదు. చెప్పులేసుకుని వీధి చివరిదాకా నాతో నడిచాడు, మళ్లీ వెనక్కి నడిచాడు. "పోయిందా?" అన్నాడు. పోయింది. ఆ లాగుడు అంతే, నాలుగైదు నిమిషాలు ఓర్చుకుంటే దానంతట అదే దిగిపోతుంది. ఆ నాలుగైదు నిమిషాలకే పక్కన మనిషి కావాలి.

49వ రోజు నాకు ప్రమోషన్ వచ్చింది. చూశావా, కష్టం రాలేదు, సంతోషం వచ్చింది. దుఃఖానికి కాపలా పెట్టుకున్నాను గానీ సంతోషం వచ్చే తలుపు తెరిచే ఉంచాను. ఆఫీసు మెట్ల మీద ఎవరో చేతిలో పెట్టారు, ఎవరో వెలిగించారు. ఒకటి కాదు, రెండు. తర్వాత సబ్బుతో చేతులు మూడుసార్లు కడిగాను. అరచెయ్యి వాసన పోయింది గానీ, చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య మాత్రం పోలేదు. సాయంత్రం వరండాకి ఆ చెయ్యి జేబులోనే పెట్టుకుని వెళ్లాను. నోటుపుస్తకంలో అప్పటికే మూడు గళ్లలో 49 ఉంది. నాలుగోది నాది. పెన్ను కుడిచేత్తోనే పట్టుకోవాలి కదా, జేబులోంచి తీయక తప్పలేదు. పెన్ను పట్టుకుని కాసేపు కూర్చుని, 49 అని వేశాను.

ఎవరూ ఏమీ అడగలేదు. ప్రమోషన్ వచ్చిందని మాస్టారు వీపు తట్టాడు. మర్నాడు ఒకటి కాల్చి 50 వేశాను, ఆ మర్నాడు రెండు కాల్చి 51. అబద్ధం కూడా అలవాటే, ఆరంభంలోనే కాస్త ఘాటు.

60 దాటాక దర్జీ రావడం మానేశాడు. సీజను కదా, పనెక్కువ ఉందేమో అనుకున్నాం. నెల తిరిగాక వాళ్లావిడ కనిపించి చెప్పింది. అతను 66వ రోజు ఒక సిగరెట్ కాల్చాడట. సున్నా వెయ్యడానికి మొహం చెల్లక వరండా వైపే రాలేదట. "వాళ్లు ముగ్గురూ గట్టివాళ్లు, నేనే సన్నాసిని" అన్నాడట. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. ఆ సాయంత్రం మాస్టారి ముందు, కండక్టరు ముందు అంతా కక్కేశాను. మాస్టారు ఏమీ అనలేదు. కండక్టరు మాత్రం తల దించుకుని, "నేను 31వ రోజే తప్పాను" అన్నాడు.

అర్థమైందిరా? ఆ పుస్తకంలో మూడు గళ్లు తప్పకుండా నడుస్తుంటే అందులో రెండు దొంగవి. అబద్ధపు అంకె వెయ్యలేనివాడు ఒక్కడే, వాడే వెళ్లిపోయాడు. 49వ రోజు నేను సున్నా వేసి ఉంటే 66వ రోజు అతనికి ఒక తోడు ఉండేది. ఆ రెండు సిగరెట్లకి నేను పెద్దగా బాధపడను. ఆ ఒక్క అంకె మాత్రం ఈ రోజుకీ నా కళ్లముందు ఉంది.

ముగ్గురం కలిసి అతని దగ్గరికి వెళ్లాం. మిషను బల్ల అంచున సిగరెట్ కాలుతోంది. మా కథలు విన్నాడు. సూదిలోకి దారం ఎక్కిస్తూ "ముందే చెప్పొచ్చుగా" అని నవ్వాడు. మళ్లీ రాలేదు. ఇంకో పదిహేనేళ్లు కాల్చాడు. చివరి రెండేళ్లు మోకాళ్ల మీద చేతులు ఆనించి, ముందుకు వంగి కూర్చుని ఊపిరి తీసుకునేవాడు. నేను వెళ్తే పక్కన కూర్చోమని సైగ చేసేవాడు. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

నేను చెప్పుకున్న రోజే మాస్టారు కొత్త పేజీ తిప్పి, నా గడిలోనూ కండక్టరు గడిలోనూ తన చేత్తో సున్నా వేశాడు. నువ్వు పుట్టింది ఆ తర్వాత పదకొండో రోజు. ఎత్తుకోబోతే మీ అమ్మ ముందు నా చెయ్యి లాక్కుని, వేళ్ల మధ్య వాసన చూసి, అప్పుడు ఇచ్చింది నిన్ను.

ఇప్పుడు చెప్పేది గట్టిగా విను. మీ ఆరుగురిలో ఎవడో ఒకడు ముందు పడతాడు. నువ్వే కావచ్చు. పడితే ఆ పూటే, నిద్రపోకముందే మిగతా ఐదుగురికీ చెప్పు. రేపటికి వాయిదా వేస్తే రేపు చెప్పడం ఇంకా కష్టం. వేరేవాడు పడితే "ఎందుకు తాగావురా" అని అడగొద్దు, దానికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఎక్కడ, ఎన్నింటికి, పక్కన ఎవరున్నారు అని అడుగు. అది తెలిస్తే రేపు ఆ టైముకి వాడి పక్కన ఉండొచ్చు. చప్పట్లు, శభాష్‌లు 30 రోజులు దాటినవాడికే కాదు, సున్నా చెప్పినవాడికి కూడా కొట్టండి. ఎప్పుడూ ఏ ఇబ్బందీ లేదనేవాడి మీద ఓ కన్నేసి ఉంచు. నేనూ అలాగే అనేవాణ్ని.

ఇంకో భయం కూడా ఉంది. ఆరుగురు కలిసి మానగలిగినవాళ్లు ఆరుగురు కలిసి వెలిగించగలరు కూడా. "ఈ ఒక్క రోజుకి అందరం" అని ఎవడైనా అంటే అక్కణ్నుంచి లేచి వచ్చెయ్. స్నేహం చెడినా సరే. నీ మొహమాటం నాకు తెలుసు, చిన్నప్పుడు ఆటలో ఓడిపోయినవాడు ఏడుస్తాడని గెలిచిన గోలీలు తిరిగి ఇచ్చేసేవాడివి. ఇక్కడ ఇవ్వకు.

బ్రిటన్‌లో రిచర్డ్ డాల్ బృందం 1951 నుంచి 50 ఏళ్లపాటు డాక్టర్లనే గమనిస్తూ పోయింది. జీవితాంతం సిగరెట్ తాగినవాళ్లు సగటున పదేళ్లు ముందే పోయారు. 60 ఏళ్లకి మానినవాళ్లకి మూడేళ్లు, 50కి మానితే ఆరు, 40కి మానితే తొమ్మిది, 30కి మానితే దాదాపు ఆ పదీ తిరిగొచ్చాయట. నాకు తొమ్మిది వచ్చాయనుకుంటా, వాటిలో కొన్ని ఇలా ఉత్తరాలు రాయడానికి ఖర్చు పెడుతున్నాను. నీకు వచ్చే ఏడు ముప్పై. లెక్క నువ్వే చూసుకో.

మీకు నోటుపుస్తకం ఉండదు, ఫోన్లోనే రాసుకుంటారని మీ అమ్మ చెప్పింది. సరే. సోమవారం నుంచి పడుకునే ముందు నాకు కూడా ఫోన్ చేసి ఆ రోజు అంకె చెప్పు. సున్నా అయితే సున్నా అను. తిట్టను. నేను పదింటికే పడుకుంటాను గానీ ఎత్తుతాలే.

మీ మామయ్య