పారిస్ నుంచి ఒక్కరోజులో లువార్ కోటలు: బస్సు టూర్ వద్దు, షెనన్సో ఒక్కటి చాలు

అమ్మానాన్నలతో పారిస్ వెళ్తున్నాం, ఒకరోజు గైడెడ్ బస్సు టూర్‌లో ఫ్రాన్స్‌లోని లువార్ నది లోయ కోటలు చూసి రావచ్చా అని ఒకరు అడిగారు. వద్దండీ. పెద్దవాళ్లతో అయితే అసలే వద్దు. ఆ రోజంతా షెనన్సో కోట ఒక్కదానికే పెట్టుకుని, రైల్లో వెళ్లిరండి.

నేను పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో అమ్మ వచ్చింది. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి, కోటలంటే ప్రాణం. షాంబోర్, షెవెర్నీ, షెనన్సో మూడు కోటలూ చూపిస్తామన్న బస్సెక్కాం. తెల్లవారకముందే లేచి, ట్రాఫిక్ దాటుకుని షాంబోర్ చేరేసరికే సగం ఓపిక అయిపోయింది. ఆ రోజు మేం కోటల్లో ఉన్న టైమ్ కంటే బస్సులో కూర్చున్న టైమే ఎక్కువ. ప్రతి చోటా గైడ్ జెండా ఎత్తి పట్టుకుని ముందు పరుగు, వెనక మేము.

షాంబోర్ గొప్ప కట్టడమే, కాదనను. ఒకదాన్నొకటి చుట్టుకుంటూ పైకి పోయే జంట మెట్లు ఉంటాయి. ఒకరు ఎక్కుతూ ఇంకొకరు దిగుతూ ఉంటే మధ్యలోని కిటికీల్లోంచి కనిపిస్తారు గానీ ఎక్కడా ఎదురుపడరు. గైడ్ మాత్రం వాటిని లియోనార్డో డావిన్చీయే గీశాడని ఖాయంగా చెప్పేశాడు. డావిన్చీ 1519 మే 2న అంబువాజ్ అనే ఊళ్లో చనిపోయాడు. షాంబోర్ పని మొదలైంది ఆ ఏడాది సెప్టెంబరులో. ఆయన ఆలోచనల ప్రభావం ఉండొచ్చని చాలామంది పండితులు అంటారు, అది వేరే సంగతి. మెట్ల ప్లాన్ ఆయన చేత్తో గీసిందని చూపించే కాగితం లేదు. డబ్బు తీసుకుని చరిత్ర చెప్పేవాళ్లు ఊహని ఊహ అని చెప్పాలి కదా. పిల్లలకి పాఠం చెప్పి బతికిన అమ్మకి అది అస్సలు నచ్చలేదు.

షెవెర్నీ అందంగా ఉంది, టిన్‌టిన్ బొమ్మల కథల్లోని కోటకి అదే నమూనా. పిల్లలుంటే సరదాపడతారు. అంతకు మించి నాకేమీ అనిపించలేదు.

షెనన్సో అలా కాదు. షేర్ నది మీద వంతెనలా నిలబడ్డ కోట అది, దాని కథంతా ఆడవాళ్లదే. 1513లో పాతకోటని పడగొట్టి కొత్తది మొదలుపెడితే, భర్త యుద్ధాల్లో తిరుగుతుంటే దగ్గరుండి కట్టించింది కాథరిన్ బ్రిసొనే. తర్వాత రెండో హెన్రీ రాజు దాన్ని తన ప్రియురాలు డయాన్ ద పొయితియేకి ఇచ్చాడు. నది మీద వంతెన కట్టించింది ఆవిడ. 1559లో రాజు గుర్రాల మీద ఈటెలతో ఆడే పోటీలో గాయపడి చనిపోగానే, రాణి కేథరీన్ ద మెడిసి డయాన్‌ని అక్కడినుంచి పంపించి బదులుగా షోమాన్ కోట ఇచ్చింది. డయాన్ కట్టించిన ఆ వంతెన మీదే కేథరీన్ రెండంతస్తుల గ్యాలరీ, అంటే పొడవాటి హాలు, లేపింది. ఈ ఇద్దరి తోటలూ ఇప్పటికీ కోటకి చెరో పక్కన ఉన్నాయి. ఫ్రెంచ్ విప్లవం రోజుల్లో కోటని కాపాడుకున్నది కూడా ఒక స్త్రీయే, లూయిజ్ ద్యుపాఁ.

గైడ్ ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, తోటలో ఫొటోలు తీసుకోండి, ఇన్నింటికల్లా బస్సు దగ్గరుండాలి అన్నాడు. మేమిద్దరం తోట వదిలేసి పై అంతస్తుకి వెళ్లాం. అక్కడ ఒక నల్లగది ఉంది. మూడో హెన్రీ రాజు 1589లో హత్యకి గురయ్యాక ఆయన భార్య లూయిజ్ ద లొరేన్ ఈ కోటలోనే మిగిలిపోయింది. గోడలూ పైకప్పూ నలుపు, వాటి మీద వెండి రంగు కన్నీటి చుక్కలు, గోతులు తవ్వే పారలు, వితంతువుల తాళ్ల ముడులు. రాజవంశపు ఆచారం ప్రకారం ఆవిడ మాత్రం తెల్లబట్టలే కట్టుకుంది, జనం తెల్లరాణి అనేవాళ్లు. గోడ మీది వివరణ నేను తెలుగులో చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపింది.

"రాణి కదే, ఆవిడక్కూడా తెల్లబట్టలేనా?"

మా అమ్మమ్మ చిన్నవయసులోనే తెల్లచీరలోకి మారిపోయింది. అమ్మకి ఊహ తెలిశాక ఆవిడ ఒంటి మీద ఇంకో రంగు చూడలేదు. ఆ గదిలో నిలబడి, అమ్మమ్మ గురించి నాకు ఎప్పుడూ చెప్పని సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లిళ్లలో వెనక గదిలో కూర్చోవడం, పొద్దున్నే ఎవరికీ ఎదురు రాకుండా తప్పుకోవడం. ఇంతలో ఫోన్, గైడ్ నుంచి. అందరూ ఎక్కేశారు, మీకోసమే ఆగాం అని. అమ్మ మాట అక్కడే ఆపేసి మెట్లు దిగింది. మోకాళ్ల నొప్పితో ఆ పొడవాటి చెట్ల బాటంతా ఆవిడ్ని పరిగెత్తించాల్సి వచ్చింది. బస్సులో అడిగితే, ఇంకోసారి చెబుతాలే అంది. ఆ కోపం నాకింకా పోలేదు.

గ్యాలరీ కూడా తీరిగ్గా చూడాల్సిందే. మొదటి ప్రపంచయుద్ధంలో అది సైనికుల ఆసుపత్రి, రెండు వేల మందికి పైగా గాయపడ్డవాళ్లకి అక్కడ వైద్యం జరిగింది. రెండో యుద్ధంలో షేర్ నదే సరిహద్దు గీత. కోట ముఖద్వారం జర్మన్ల ఆక్రమణలో, గ్యాలరీ అవతలి తలుపు మాత్రం స్వేచ్ఛా ప్రాంతంలో. ఆ తలుపు దాటి బతికి బయటపడ్డవాళ్లున్నారు. మాకు ఇది ఒక్క వాక్యంలో అయిపోయింది. వంటగదులు నదిలో నిలబెట్టిన స్తంభాల లోపలే ఉంటాయి, సరుకు పడవల్లో నేరుగా అక్కడికే వచ్చేది. అమ్మ ఆ రాగి గిన్నెల దగ్గర ఒక గంట నిలబడేది, వదిలితే.

మన దగ్గర నుంచి వచ్చే యూరప్ ప్యాకేజీలదీ ఇదే జబ్బు. ఎన్ని చోట్లు తిప్పారన్నదే లెక్క.

రైలు సంగతి: పారిస్ మోంపర్నాస్ స్టేషన్లో టీజీవీ అనే హైస్పీడ్ రైలు ఎక్కితే గంట, గంటంబావులో సెయింట్ పియెర్ దె కోర్ స్టేషన్. అక్కడ లోకల్ రైలు మారితే అరగంట లోపు షెనన్సో, స్టేషన్ దిగితే కోట గేటు పక్కనే. లోకల్ రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు రైలు టైమ్ ముందే చూసి పెట్టుకోండి. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి, మాకు టూర్ భోజనంలో దొరికింది సలాడ్ ఆకులూ బ్రెడ్డే. అమ్మగారికి మెట్లు కష్టమైతే గ్యాలరీ కింది అంతస్తులోనే ఉంది. ఎక్కగలిగితే మాత్రం నల్లగదికి తీసుకెళ్లండి, అక్కడ తొందరపెట్టకండి.