పిల్లల్ని సముద్రపు రాళ్ల దగ్గరికి తీసుకెళ్లే ముందు

అమ్మలూ,

ఐదో తరగతి పిల్లలకు విశాఖలో సముద్రజీవుల్ని చూపిస్తానన్నావు. మంచి పని. కాకపోతే ఆర్కే బీచ్ వద్దు. అక్కడ ఇసుకలో ఆడుకోవడమే తప్ప చూసేది తక్కువ. తెన్నేటి పార్కు కిందో, మంగమారిపేట దగ్గరో రాళ్లున్న చోటికి వెళ్లు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆ రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలుస్తాయి. నువ్వు పాఠం చెప్పాల్సింది అక్కడే.

తేదీ పెట్టుకునే ముందు పంచాంగం చూడు. అమావాస్యకో పౌర్ణమికో, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనో నీళ్లు బాగా వెనక్కి పోతాయి. ఆటు వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి టైమ్ ఇవాళ పనికిరాదు. ఫోన్లో టైడ్ టేబుల్ దొరుకుతుంది, చూసుకో. నీళ్లు పూర్తిగా తగ్గే సమయానికి గంట ముందే చేరుకోవాలి. మళ్లీ పోటు మొదలవగానే అందర్నీ ఒడ్డెక్కించెయ్. "ఇంకాసేపు టీచర్" అని బతిమాలినా సరే.

అన్నీ చూపించెయ్యాలన్న హడావుడి మాత్రం వద్దు. ఆక్టోపస్‌కి మూడు గుండెలు, నీలి రక్తం అంటే పిల్లలు చప్పట్లు కొడతారు గానీ ఆ లిస్టులు యూట్యూబ్‌లోనే బోలెడున్నాయి. నలుగురికో గుంట అప్పజెప్పి, తమ నీడ నీళ్ల మీద పడకుండా కూర్చోమను. మొదట ఏమీ కనపడదు, గొణుగుతారు. కాసేపటికి ఓ గవ్వ నడవడం మొదలెడుతుంది. అది సన్యాసి పీత. దాని పొట్ట మెత్తన, పైన పెంకుండదు. అందుకే చచ్చిపోయిన నత్తల గుల్లల్లో కాపురం. ఒళ్లు పెరిగితే ఇల్లు మారాలి. పెద్ద గుల్ల ఒకటి ఖాళీగా దొరికితే పీతలు సైజు ప్రకారం వరుస కట్టి, ఒకటి ఖాళీ చేసినదాంట్లోకి ఇంకొకటి దూరతాయి. అద్దె ఇళ్లు మారిన పిల్లలకు ఇది ఇట్టే ఎక్కుతుంది. గవ్వలు ఏరుకుని ఇంటికి తేకూడదని వేరే చెప్పక్కర్లేదు.

రాళ్ల మీద కాళ్లకు గీసుకునే తెల్లటి గరుకు బొడిపెల్ని ఎవరూ పట్టించుకోరు. నువ్వు పట్టించుకో. అవి బార్నకిల్స్. గుల్ల చూసి నత్తలనుకుంటాం గానీ రొయ్యలకు, పీతలకు చుట్టాలు. చిన్నప్పుడు ఈదుతూ తిరిగి, తర్వాత తలను రాయికి అతికించుకుని జన్మంతా అక్కడే ఉండిపోతాయి. డార్విన్ అంతటివాడు వీటి మీద పరిశోధనకే 8 ఏళ్లు కూర్చున్నాడు. నీళ్లలో మునిగి ఉన్నదాన్ని భూతద్దంతో చూపించు. పైన మూత తెరుచుకుని, సన్నటి కాళ్ల గుత్తి బయటికొచ్చి, నీళ్లలో ఒక్క ఊపు ఊపి ముడుచుకుంటుంది. అలా కాళ్లతోనే తిండి లాక్కుంటుంది.

ఒక్క విషయంలో కచ్చితంగా ఉండు. శంకువు ఆకారంలో, మచ్చలూ చారలతో ముచ్చటగా ఉండే గవ్వ కనిపిస్తే ఎవరూ ముట్టుకోకూడదు. లోపల నత్త బతికుంటే విషపు ముల్లు విసురుతుంది. కొన్ని జాతుల విషం మనిషి ప్రాణం తీస్తుంది.

నీళ్లు ఎందుకు వెనక్కి పోయాయని ఎవరో ఒకరు అడక్కపోరు. చంద్రుడు లాగుతున్నాడని చెప్పి ఆపెయ్యకు. అసలు కథ ఆ తర్వాతే ఉంది. ఆటుపోట్ల రాపిడికి భూమి తిరగడం నెమ్మదిస్తోంది, చంద్రుడేమో ఏటా 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరం జరుగుతున్నాడు. అపోలో వ్యోమగాములు అక్కడ పెట్టొచ్చిన అద్దాల మీదికి లేజర్ వేసి ఈ దూరం కొలుస్తున్నారు. మరి పాతకాలంలో భూమి ఎంత వేగంగా తిరిగేదో ఎలా తెలిసింది? పగడాలు చెప్పాయి. పగడం రోజుకో సన్నని గీత చొప్పున పెరుగుతుంది. 1963లో జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి పగడాల శిలాజాల మీద గీతలు లెక్కపెడితే ఏడాదికి సుమారు 400 వచ్చాయి. ఏడాది పొడవు పెద్దగా మారలేదు, అంటే 8,760 గంటలే. దాన్ని 400తో భాగించమను. అప్పట్లో రోజుకు 22 గంటలు కూడా లేవని వాళ్లే కనిపెడతారు. ఈ లెక్క ఎక్కాల పుస్తకంలో దొరకదు.

పిల్లలకు బూట్లుండాలి, చెప్పులైతే పాకుడు మీద జారతారు. మంచినీళ్లు, టోపీలు సంగతి నీకు తెలుసు. తేదీ అనుకున్నాక, బస్సు మాట్లాడే ముందు నాకో మెసేజ్ పెట్టు. టైడ్ టేబుల్ నేనూ ఓసారి చూస్తాను.

నీ పెద్దనాన్న