పాతకాలపు బేస్ నాదానికి ఏ యాంప్లిఫయర్?

ప్రశ్న: నా దగ్గర ఫెండర్ ప్రెసిషన్ బేస్ గిటార్ ఉంది. అరవైల నాటి రికార్డుల్లోని నిండైన నాదం రావాలంటే ఏ యాంప్లిఫయర్ తీసుకోవాలి?

జవాబు: ప్రెసిషన్‌కు ప్రసిద్ధమైన జోడీ 1960లో వచ్చిన ఆంపెగ్ బి-15. ఒకే 15 అంగుళాల స్పీకరున్న ఆ వాల్వ్ (వాక్యూమ్ ట్యూబుల) యాంప్లిఫయర్ మీటును కాస్త మెత్తబరచి, స్వరాన్ని గుండ్రంగా వినిపిస్తుంది. అయితే అమెరికన్ సోల్ సంగీత సంస్థ మోటౌన్ రికార్డుల్లో బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్‌సన్ పలికించిన నాదంలో ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు చదునుగా, నున్నగా ఉండే) తీగలకూ, ఒక్క చూపుడువేలితో మీటే పద్ధతికీ యాంప్లిఫయర్ కంటే ఎక్కువ వాటా ఉందని నా అభిప్రాయం. పైగా స్టూడియోలో ఆయన బేస్‌ను తరచు యాంప్లిఫయర్ లేకుండా నేరుగా రికార్డింగ్ కన్సోల్‌కే కలిపేవారు. కాబట్టి ముందు తీగలు మార్చి చూడండి. డ్రమ్స్ హోరెత్తే రాక్ బృందంలో వాయించేటట్లయితే మాత్రం బి-15 చాలదు. 1969 నాటి 300 వాట్ల ఆంపెగ్ ఎస్‌వీటీ, ఎనిమిది 10 అంగుళాల స్పీకర్ల క్యాబినెట్ కావాలి, దాన్ని మోయడానికి మరో మనిషి కూడా.