బిడ్డ కోసం తండ్రి ఒంటరిగా వెతికే థ్రిల్లర్లలో నిజం ఎంత?

కిడ్నాపైన బిడ్డ కోసం తండ్రి ఒక్కడే ఊరంతా గాలించే కథల్లో నిజం ఎంత, పోలీసులు నిజంగానే 24 గంటలు ఆగి రమ్మంటారా అని అడిగారు. మా పాపను ఎవరూ ఎత్తుకెళ్ళలేదు, తప్పిపోయింది. నలభై నిమిషాలు. కానీ ఆ నలభై నిమిషాలూ నా మనసులో అది కిడ్నాపే.

2017 దీపావళి ముందు ఆదివారం, చెన్నై టీ నగర్‌లో రంగనాథన్ వీధి. పండగ రోజుల్లో అక్కడ మనం నడవక్కర్లేదు, జనమే తోసుకుపోతారు. ఐదేళ్ళ పాప నా వేలు పట్టుకుని ఉంది. బిల్లు కట్టడానికి వేలు విడిపించుకున్నాను. తిరిగి చూస్తే లేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. సినిమాల్లో తండ్రిలాగే నేనూ ఒక్కణ్ణే పరుగెత్తాను. వచ్చిన తమిళంలో కొంత, తెలుగులో కొంత, ‘ఎర్ర గౌను పాపని చూశారా’ అని కనబడిన ప్రతివాళ్ళనీ అడిగాను. పది నిమిషాలు అలాగే పోయాయి. చివరికి మా ఆవిడే నన్ను పోలీసుల దగ్గరికి లాక్కెళ్ళింది. పండగ రద్దీకి అక్కడ వాళ్ళు మైకు పెట్టుకుని ఉంటారు. కానిస్టేబుల్ మొదట అడిగింది ‘ఎన్న కలర్ డ్రెస్?’ అని. ఎరుపన్నాను. మా ఆవిడ నా మొహంలోకి చూసి, ‘పసుపు పావడా అండీ. ఎర్రది నిన్న వేసింది’ అంది.

అంటే అప్పటిదాకా నేను ఆ వీధిలో లేని పిల్ల కోసం వెతికాను.

మైకులో ‘మంజళ్ పావాడై’ అని నాలుగైదుసార్లు పిలిచాక, మాంబలం రైల్వే స్టేషన్ వైపు ఫుట్‌పాత్ మీద హెయిర్ క్లిప్పులు అమ్మే ఒకావిడ కబురు పంపింది. పాపని తన స్టూలు మీద కూర్చోబెట్టుకుంది. పాప చేతిలో సగం కొరికిన జామకాయ, మూతి నిండా ఉప్పూకారం. ఆవిడకి దండం పెట్టాను, మాట రాలేదు.

అందుకే ఆ కథల్లో భయం మాత్రం నిజమంటాను, ‘నీ చెయ్యే కదా పట్టుకుంది’ అని భార్య అనకపోయినా మనకి వినబడే మాటతో సహా. 24 గంటల మాట మాత్రం అబద్ధం. అలాంటి రూలే లేదు. బచ్‌పన్ బచావో ఆందోళన్ అనే పిల్లల హక్కుల సంస్థ వేసిన కేసులో 2013 మే 10న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే ఎత్తుకెళ్ళారనో, అమ్మేయడానికి తీసుకెళ్ళారనో అనుకుని వెంటనే ఎఫ్ఐఆర్ రాయాలి. మా ఏరియా కాదు అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్‌లో అయినా రాయాల్సిందే. అత్యవసర నంబరు 112కి గానీ, పిల్లల కోసమే ఉన్న 1098కి గానీ ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ‘పోలీసులకి చెబితే బిడ్డ దక్కదు’ అనే డైలాగ్ వింటే నాకు కోపం వస్తుంది. అది నమ్మి ఏ తండ్రి నోరు మూసుకుని కూర్చున్నా, పోయేది ఆ మొదటి గంటలే.

ఇప్పుడు బయటికి వెళ్ళే ముందు గుమ్మంలోనే పాపకి ఫోటో తీస్తాను. పెద్ద క్లాసుకి వచ్చింది, విసుక్కుంటుంది. అయినా తీస్తాను.